మూఢంలో కనిపించిన ఎర్రచుక్క

ఇది రాయక తప్పని పరిస్థితి వచ్చింది. మొన్న ఒక పెళ్ళిలో మా అత్తమ్మ పక్కకుర్చీ ఆవిడతో, "మా పెద్దకోడలికి సుక్కల పిచ్చి ఉండె. చిన్నకోడలు వచ్చి ఆమెకు అన్నీ సూపెడ్తాంది" అని చెప్పడం నేను స్వయంగా విన్నాను. వెనక వరుసలో ఐస్‌క్రీం కప్పు పట్టుకుని కూర్చున్నాను. లేచి వెళ్ళి అడ్డం మాట్లాడేదాన్నే. పదిమందిలో అత్తగారి మాట కొట్టేస్తే ఆ పెళ్ళి ముచ్చట్లన్నీ నా మీదికి తిరుగుతాయని ఊరుకున్నాను. ఐస్‌క్రీం కరిగిపోయింది.

అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఆ ఎర్రచుక్కను మా ఇంట్లో మొదట చూసింది నేను. మా యారాలు, అంటే మా మరిది భార్య, ఈ గడప తొక్కకముందు నుంచే చూస్తున్నాను. ఆ చుక్కను నాకు ఎవరూ చూపించలేదు, ఒక పుస్తకం తప్ప.

మాది హనుమకొండలో మ్యాచింగ్ సెంటర్. చీరలు అమ్మం. చీరకు సరిపోయే జాకెట్ గుడ్డ, లైనింగు, ఫాల్ అమ్ముతాం. అత్తమ్మ గల్లా దగ్గర, మావారు హోల్‌సేల్ పనుల మీద, నేను రంగుల దగ్గర. మధ్యాహ్నం బేరాలు తగ్గాక అందరూ కునుకు తీసే వేళ నేను గ్రంథాలయానికి పోతాను. చదువు ఇంటర్‌తో ఆగింది. ఆగింది కాలేజీ మాత్రమే. గ్రంథాలయంలో సైన్సు రాక్ చివర, పోటీ పరీక్షల పుస్తకాల వెనక, అట్ట ఊడిన ఖగోళం పుస్తకం ఒకటి ఉండేది. దాన్ని తీసుకుపోయేది నేనొక్కదాన్నే కాబట్టి తేదీల చీటీ మీద నా నంబరే కిందికి కిందికి పడుతూ పోయింది. అది అయిపోయాక ఇంగ్లీషు పుస్తకాలు, పక్కన నిఘంటువు. మొదట్లో పేజీకి ఒక పూట పట్టేది. ఎం.ఎస్సీ చదివినవాళ్ళు పరీక్ష ఉంది కాబట్టి చదువుతారు. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. అయినా చదివాను. ఈ తేడా జనం గుర్తించరు.

ఆ పుస్తకంలోనే ఈ చుక్క గురించి ఉంది. గొల్లకావడి చుక్కలు మూడూ అందరికీ తెలుసు. వాటికి కింద తెల్లగా మెరిసే పెద్ద చుక్క ఉంటుంది. దక్షిణం వైపు తిరిగి నిలబడి, ఆ తెల్లచుక్క నుంచి ఇంకా కిందికి, జర కుడికి పోవాలి. మామూలు కంటికి అక్కడ ఏమీ ఉండదు. బైనాక్యులర్ పెడితే మసక చుక్కల మధ్య ఒకటి ఎర్రగా కనబడుతుంది. చుక్కల్లో ఎర్రనివి అని పేరుబడ్డవన్నీ నిజానికి నారింజ రంగువి. ఇది అట్లా కాదు. టమాట రంగుకూ ఇటుక రంగుకూ నడుమ, మా రాకుల్లో లేని ఎరుపు. ఉంటే నేను చెప్పగలను.

అది ముసలి చుక్క. దాని పైపొరల్లో బొగ్గుకు సంబంధించిన పదార్థం ఎక్కువ. అది లాంతరు గాజుకు మసి పట్టినట్టు చేరి, నీలం కాంతిని మింగేసి ఎరుపును మాత్రం బయటికి వదులుతుంది. ఆ చుక్క ఒక్క తీరుగా వెలగదు. ఉబ్బుతూ తగ్గుతూ, సుమారు పద్నాలుగు నెలలకు ఒక చుట్టు తిరుగుతుంది. బాగా వెలిగినప్పుడు మంచి చీకటి ఉన్న ఊళ్ళో ఉత్త కంటికి అందీ అందనట్టు ఉంటుంది. తగ్గినప్పుడు బైనాక్యులర్‌కు కూడా దొరకదు. ప్రతి చుట్టూ ఒకేలా ఉండదు. ఒకసారి ఎక్కువ మునుగుతుంది, ఒకసారి తక్కువ. అది మనకు వెయ్యి కాంతి సంవత్సరాలకు పైనే దూరంలో ఉందంటారు. సరిగ్గా ఎంతన్నది పుస్తకానికీ పుస్తకానికీ తేడా ఉంది.

దాని వెలుగును కొలవడం నాకు ఎవరూ నేర్పనక్కర లేకపోయింది. మేం దుకాణంలో చేసేదే అది. చీర అంచు పక్కన రెండు గుడ్డలు పెడతాం. ఒకటి చీర కంటే ముదురు, ఒకటి లేత. రంగు ఈ రెంటి నడుమ ఎక్కడుంది, ముదురు వైపా, లేత వైపా, అది చూసి మూడో గుడ్డ తీస్తాం. చుక్కకూ అంతే. మారని చుక్కలు చుట్టూ ఉంటాయి, వాటి వెలుగు లెక్కలు ముందే తెలుసు. మన చుక్క కంటే కాంతి ఎక్కువున్నది ఒకటి, తక్కువున్నది ఒకటి పట్టుకుని నడుమ ఎక్కడుందో చెప్పాలి. అంకె పెరిగితే చుక్క మసక అని అర్థం. ఇది విని అత్తమ్మ నవ్వింది.

"నంబర్ పెద్దగైతే సుక్క సిన్నగైతదా? గదేం లెక్కనే?"

"పరీక్షల ర్యాంకు లెక్క అత్తమ్మా. ఒకటో ర్యాంకు గొప్ప, వెయ్యో ర్యాంకు..."

"మీ ఆయన లెక్క" అంది. మావారు అక్కడే ఉన్నారు.

ఇట్లా చూసి అంకెలు పంపేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. నేనూ నా చిన్న బైనాక్యులర్‌తో చూసి ఫోన్లో పంపుతాను. అందరి అంకెలూ ఒక గీతపటం మీద బొట్లుగా పడతాయి. నా బొట్టు నాకు వేరే రంగులో కనబడుతుంది. అన్ని బొట్ల మధ్య అది కనబడినప్పుడు కలిగే సంతోషం ఏమిటో చెప్పను. చెబితే అత్తమ్మ పెళ్ళిలో ఎవరికో చెబుతుంది.

నా బొట్లలో ఒక్కటే లోటు. ఆ చుక్క వెలుగు పూర్తిగా తగ్గి అడుగుకు పోయినప్పుడు నేను ఎన్నడూ చూడలేదు. ఒకసారి అడుగు చుక్క సూర్యుడి వెనక ఉండగా పడింది, ఇంకోసారి వానాకాలంలో, పోయినసారి తుఫాను మబ్బుల్లో. పద్నాలుగు నెలల చుట్టు కాబట్టి అది ప్రతిసారీ రెండు నెలలు ముందుకు జరుగుతుంది. జరిగి జరిగి ఈసారి చలికాలంలోకి వచ్చింది. ఆకాశం తేటగా, చుక్క రాత్రి భోజనాల వేళకే దక్షిణాన బాగా ఎత్తుకు వస్తుంది. ఈ ఏడాది దాని అడుగు చూడాలి. నాకు కావలసింది అంతే. ఇది దాటితే మళ్ళీ వానలకు, ఎండకు చిక్కుతుంది.

అట్లాంటి ఏడాదిలోనే మా యారాలు వచ్చింది.

పెళ్ళయిన వారానికి కాజీపేట నుంచి ట్రాలీ ఆటోలో ఆమె సామాను దిగింది. బట్టల పెట్టెలు, పుస్తకాల డబ్బాలు, అన్నిటి మీద దుప్పటి చుట్టిన లావుపాటి గొట్టం.

"బోరు పైపా?" అంది అత్తమ్మ.

"కాదత్తమ్మా, టెలిస్కోప్. ఎం.ఎస్సీ సీటొచ్చినప్పుడు మా నాయన ఇప్పిచ్చిండు." వాళ్ళ నాన్న గూడ్సు రైలు నడుపుతారు. బిడ్డ ఫిజిక్సు చదువుతానంటే దుర్భిణి కొనిచ్చిన మనిషి. ఆ గొట్టం దించుతుంటే నేనూ ఒక చెయ్యి వేశాను. బరువు ఉంది. ఆ బరువు చాలాసేపు చేతుల్లోనే ఉన్నట్టనిపించింది.

ఆ వారంలోనే డాబా మీద జాతర. శనిగ్రహాన్ని చూపిస్తోందని పక్కింటివాళ్ళు కూడా ఎక్కారు. మావారు ఎక్కారు. ఎన్నేండ్లుగానో పిలుస్తుంటే మోకాలు నొప్పి అని రాని మనిషి, రెండేసి మెట్లు ఎక్కారు. గొట్టానికి కన్ను ఆనించి, "అబ్బ! ఉంగరమున్నది! నిజంగనే ఉన్నది!" అని అరిచారు.

కిందికి దిగాక అడిగాను. "శని కోసం ఎక్కినవ్. నా సుక్క కోసం ఎన్నడన్న ఎక్కినవా?"

"నీ సుక్క కనవడదు కదనే. నువ్వు చెప్తె నమ్మాలె. గిది కనవడ్తాంది."

ఆ రాత్రి నేను ఆయనకు పెరుగు వేయలేదు. ఆయన గమనించలేదు కూడా.

మా యారాలు మంచిదే. ఇబ్బంది అదే. గయ్యాళి అయితే నాకు పని తేలికయ్యేది. "అక్కా, నీ సుక్క ఏది? నాకూ సూపియ్యవా?" అని అడిగింది. చూపించాను. చూపించకుండా ఉండాల్సింది అని అప్పుడే అనిపించింది. గొల్లకావడి నుంచి తెల్లచుక్కకు, అక్కడి నుంచి పొయ్యిరాళ్ళలా కూర్చున్న మూడు మసక చుక్కలకు, వాటి పక్కన మనదానికి. ఆమె గొట్టం తిప్పి చూసి, "ఎంత ఎర్రగున్నదక్కా!" అంది. మొదటిసారే వెలుగు అంచనా వేసింది. నాదానికి దగ్గరగా వచ్చింది. నాకు అట్లా రావడానికి ఒక చలికాలం పట్టింది.

చలి ముదిరేకొద్దీ చుక్క దిగసాగింది. మా ఇద్దరి అంకెలూ విడిపోసాగాయి. ఒకరోజు పొద్దున నేను రొట్టెలు కొడుతున్నాను, ఆమె చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అక్కా, నిన్న నీకెంతనిపిచ్చింది?"

"ఎనిమిదిన్నర."

"నాకు తొమ్మిది దాటింది."

"నీ అద్దం తుడుసుకో."

"అద్దం బట్టతోని తుడవద్దక్కా, గీతలు పడ్తయ్."

"అయితే కండ్లు తుడుసుకో."

అత్తమ్మ పూజగదిలోంచి కేకేసింది. "పొద్దుగాల్నే ఏం రేటు గురించి కొట్లాడుకుంటాన్రే?"

"సుక్క రేటత్తమ్మా" అంది మా యారాలు. ఇద్దరూ నవ్వారు. నేను రొట్టె తిప్పాను. అది ఒక పక్క మాడింది.

గీతపటంలో మిగతా దేశాలవాళ్ళ బొట్లు ఆమె వైపే ఉన్నాయి. వెలుగు ఎక్కువ చెప్పిన నాది పైన ఒంటరిగా ఉంది. వాళ్ళందరికీ టెలిస్కోపులు, అందుకే అట్లా చూస్తున్నారు అనుకున్నాను. నా బైనాక్యులర్‌కు చుక్క అందుతున్నంత కాలం నేను ఎవరినీ ఏదీ అడగనవసరం లేదు. కాబట్టి అందుతూనే ఉంది. డాబా మీద నిలబడి ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. మొదట ఏమీ ఉండేది కాదు. అట్లాగే చూస్తూ ఉంటే మెల్లగా వచ్చేది. ఇంకా చూస్తే బాగా వచ్చేది. వచ్చాక అంకె వేసేదాన్ని.

మాఘం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. దుకాణంలో కాలు పెట్టే సందు లేదు. మా యారాలు కూడా వచ్చి నా పక్కన కూర్చుంది. ఒకామె తన బిడ్డ పట్టుచీర తెచ్చింది, నిండు ఎరుపు. ఆమె ఒకే గుడ్డను చీర మీద పరిచి కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఇదే కలిసిందమ్మా, ఇదే ఇయ్యి."

"అట్లనే సూడకమ్మా" అన్నాను. "ఎరుపు సూసినకొద్దీ కండ్లకెక్కుతది. ఇంటికి పోయినంక కలవలేదంటవ్. ఇగో, ఈ తెల్లగుడ్డ దిక్కు జరసేపు సూడు. మళ్ళ ఒక్కపారి సూసి సప్పున చెప్పు."

ఆమె తెల్లగుడ్డ చూసింది, చీర చూసింది. "అయ్యో, కలవలే!" అంది. వేరే గుడ్డ తీశాను. ఇది మేం రోజుకు ఎన్నోసార్లు చెప్పే మాట. అత్తమ్మ నాకు చెప్పింది, వాళ్ళత్త ఆమెకు చెప్పింది. మా యారాలు నా వైపు చూస్తోంది. జాకెట్ గుడ్డలు మడత పెడుతూ మడత పెడుతూ ఆగిపోయింది.

ఆ రాత్రి నేను డాబా మీద బైనాక్యులర్‌తో నిలబడి ఉన్నాను. ఆమె పైకొచ్చి పిట్టగోడకు ఆనుకుంది. తర్వాత మెల్లగా అంది.

"అక్కా, పొద్దుగాల ఆ పట్టుచీరామెకు ఏం చెప్పినవ్?"

"ఏం చెప్పిన?"

"ఎరుపు సూసినకొద్దీ కండ్లకెక్కుతదని."

నేను బైనాక్యులర్ దించలేదు. దించితే నా ముఖం ఆమెకు కనబడుతుంది. కాసేపటికి తల తిప్పి, పక్కింటి సున్నం గోడ చూశాను. మళ్ళీ బైనాక్యులర్ ఎత్తి ఒక్కసారి చూసి తీసేశాను. ఆ మూడు పొయ్యిరాళ్ళు ఉన్నాయి. వాటి పక్కన చోటు ఖాళీగా ఉంది.

నా చుక్క ఎప్పుడో దిగిపోయింది. అది అక్కడుందని తెలిసి, ఉండాలని కోరుకుని, ఎరుపును కళ్ళకు ఎక్కించుకుంటూ అన్ని రోజులూ వెలుగు పెంచి అంకె పంపాను. ఎరుపు సంగతి పుస్తకాల్లో కూడా ఉంది, ఎర్రచుక్కలను తదేకంగా చూడొద్దని. నేను చదివాను. కింద గీత కూడా గీశాను, తర్వాత కొనుక్కున్న నా సొంత పుస్తకంలోనే. కానీ నాకు ఎక్కువ మంట పుట్టించింది పొరపాటు కాదు. ఆ మాట నాది. మా దుకాణంది. కాజీపేట నుంచి నిన్నగాక మొన్న వచ్చి, నా మాట నాకే వడ్డించింది. అదీ మెత్తగా, ఎవరూ వినకుండా. అత్తమ్మ ముందు అని ఉంటే తిరిగి ఒక మాట అనగలిగేదాన్ని.

తర్వాత కొన్నాళ్ళు నేను డాబా ఎక్కలేదు. ఎక్కినా లాభం లేదు కూడా. మా సందు చివర ఫంక్షన్ హాల్ ఉంది. పెళ్ళిళ్ళు నడిచినన్ని రోజులూ దాని ఫోకస్ లైట్లు దక్షిణాన్నంతా కడిగేస్తాయి, పైగా పటాకులు. ఆ వెలుగులో టెలిస్కోప్ పెట్టినా మరీ మసక చుక్కలు రావు. చుక్క రోజురోజుకూ పడమరకు జరుగుతోంది. వైశాఖం నాటికి సందెవెలుగులో కలిసిపోతుంది. నాకున్నది మధ్యలో పడే మూఢం ఒక్కటే. శుక్రుడు సూర్యుడికి దగ్గరగా పోయి కనబడకుండా ఉండే రోజులు అవి. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చేయరు. ఫంక్షన్ హాల్ తాళం పడుతుంది, మా గల్లా కూడా ఖాళీ అవుతుంది. నేను క్యాలెండర్ ముందు నిలబడటం అత్తమ్మ చూసింది.

"మూఢం ఎప్పుడొస్తదా అని సూసే కోడలు ఏ దుకాణదారుకన్న ఉంటదా?"

"ఒక్కరు కాదత్తమ్మా" అంది మా యారాలు వెనక నుంచి. "ఇద్దరు."

మూఢం వచ్చింది. మొదటిరోజే సందు చీకటైంది. టెలిస్కోప్ కావాలని అడగాలి. అడగడానికి నోరు రాలేదు. పొద్దున చాయ్ ఇస్తూ అడుగుదామనుకున్నాను, చక్కెర చాలిందా అని అడిగాను. మధ్యాహ్నం దుకాణంలో అడుగుదామనుకున్నాను, ఫాల్ గుడ్డలు సర్దమన్నాను. ఆమె ఒక్కతే రోజూ పైకి పోతోంది. కింద గిన్నెలు తోముతూ నేను ఆ మెట్ల చప్పుడు వింటున్నాను. నేను ఇన్నేండ్లు ఎదురుచూసిన అడుగును ఆమె చూసేస్తోంది. రేపు అత్తమ్మకు చెబుతుంది, అత్తమ్మ ఊరికి చెబుతుంది. ఆ ఆలోచనతో ఒక గిన్నెను రెండుసార్లు తోమాను.

మూడు నాలుగు రోజులు అట్లా గడిచాక ఆమే కిందికొచ్చింది. చున్నీ చెవులకు చుట్టుకుని, చలికి ముక్కు ఎర్రబడి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, నాకు దొరుకుతలేదు."

"ఏంది?"

"సుక్క. గొట్టంల అన్నీ కనవడ్తానయ్. బియ్యం పోసినట్టున్నయ్. అండ్ల మనది ఏదో తెలుస్తలేదు. పైంగ తలకిందులుగ కనవడ్తది. రోజూ ఎతుకుతాన. జర నువ్వు రా."

ఆ మాట వినగానే నాకెంత సంతోషమైందో రాయడానికి నేను సిగ్గుపడటం లేదు. చేతులు తుడుచుకున్నాను.

"వస్త. గని ముందుగాల నేను సూస్త."

"నీ సుక్కనే కదక్కా" అంది వెంటనే.

అంత వెంటనే ఒప్పుకోకుండా కొంచెం బేరమాడి ఉంటే బాగుండేది.

పైన చీకటి, ఎక్కడో ఒక కుక్క. ఆమె గొట్టం పట్టుకుంది. నేను బైనాక్యులర్‌తో చూస్తూ దారి చెప్పాను. తెల్లచుక్క నుంచి కిందికి. కిందికి అంటే ఆమె గొట్టంలో పైకి. పొయ్యిరాళ్ళు దొరికాయా? దొరికాయి. వాటి పక్కన ముక్కుపుడకలా అంటుకున్న జంట ఉంటుంది. ఉంది. ఆ జంటకూ మూడో రాయికీ నడుమ చూడు. ఆ చోటు నాకు ఇన్నేండ్లుగా మా ఇంటి వాకిలిలా తెలుసు. ఆ వాకిలి ఆమె గొట్టంలోకి వచ్చింది. ఆమె చెయ్యి వదిలేసి పక్కకు జరిగింది. తను చూడలేదు. చూడకుండానే జరిగింది.

నేను ముందు సున్నం గోడ చూశాను. తర్వాత వంగి కన్ను ఆనించి, ఒక్క చూపు చూసి తీసేశాను.

ఉంది. ఆరిపోయే అగరుబత్తి కొనంత. రంగు కూడా సరిగా తెలియదు. ఎరుపని నాకు ముందే తెలుసు కాబట్టి ఎరుపు. మళ్ళీ గోడ, మళ్ళీ ఒక్క చూపు. దానికంటే వెలుగున్న చుక్క ఒకటి ఇటు, మసకది అటు. నడుమ, మసకదాని వైపు. అంతే. అంత పెద్ద ఉబ్బిన చుక్క తన మసిలో తను మునిగి అంత చిన్నదైపోయింది. నేను అట్ట ఊడిన ఆ పుస్తకం తెరిచిన రోజు నుంచి చూడాలనుకున్నది అదే.

"ఎంతక్కా?"

"చెప్ప. నువ్వు సూసి నీది నువ్వు పంపు."

ఆమె కూడా గోడ చూసి, ఒక్క చూపు చూసి, మళ్ళీ గోడ చూసింది. మా దుకాణం పద్ధతే. ఇద్దరం చెరో మూలకు పోయి, ఫోన్ వెలుగును చున్నీల్లో దాచుకుని అంకెలు పంపాం.

తెల్లారి గీతపటం తెరిచాను. నా బొట్టు లేదు. కంగారుపడి పెద్దది చేసి చూశాను. ఇద్దరి అంకె ఒకటే. ఆమె నా తర్వాత పంపింది కాబట్టి ఆమె బొట్టు నా బొట్టు మీద పడింది. పైకి కనబడేది ఆమెదే. కింద నాది ఉందని మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాయొద్దని అత్తమ్మ షరతు పెట్టింది. బంధువులు చదివితే మాటలొస్తాయట. అందుకని పిలుపులతోనే చెబుతున్నాను. అట్ట ఊడిన పుస్తకాన్ని ఎన్నిసార్లడిగినా విసుక్కోకుండా ఇచ్చిన గ్రంథాలయం సార్‌కు, ఎరుపు సంగతి నేర్పిన అత్తమ్మకు, ఆమెకు నేర్పిన వాళ్ళత్తకు, మోకాలు నొప్పి ఉన్నా శని కోసం ఎక్కిన మావారికి, బిడ్డకు గొట్టం కొనిచ్చిన కాజీపేట బాబాయికి, మూఢమంతా లైట్లు ఆర్పిన ఫంక్షన్ హాల్ వాచ్‌మన్ తాతకు. చివరగా నాకంటే ముందు చూడగలిగి కూడా చూడని మా యారాలికి. ఆ మంచితనం కూడా ఆమె ఖాతాలోకే పోయింది, నేనేం చేయను.

చుక్కను మాత్రం ఆమెకు చూపించింది నేను.